చదునైన అతుకు

రోడ్డు కొలతల్లో నిజమెంతో తేల్చడం నా ఉద్యోగం. ఒకే రోడ్డును రెండు బండ్లు విడివిడిగా కొలుస్తాయి. ఆ రెంటికీ పొంతన కుదరకపోతే నాకు ముద్ద దిగదు.

ఒక తారు అతుకు దగ్గర కుదరలేదు. అది మనిషి పొడవుంటుంది. మా బావమరిది నడిపే బండి లెక్కలో ఎప్పుడూ చదునే. రెండో బండి లెక్కలో మాత్రం ఓసారి చదును, ఓసారి ఉబ్బు.

"ఆ రెండో బండి మిషనే పాడై ఉంటుంది బావా. దానికి అర్ధరాత్రి ఇంత హైరానా అవసరమా?" అన్నాడు బావమరిది, బండి దిగకుండానే.

నేను వినలేదు. అతుకు మీద పొడవాటి ఇనుప బద్ద అడ్డంగా పెట్టి టార్చి వేశాను. బద్ద మెల్లగా లేచింది. మెల్లగా దిగింది. నా చెయ్యే వణుకుతోందేమోనని వదిలేశాను. అయినా లేస్తూ దిగుతూనే ఉంది.

"ఒరేయ్, ఇలా రా! నీ కళ్ళతో నువ్వే చూద్దువుగాని."

చాలాసేపటికి బండి తలుపు చప్పుడైంది. వాడి అడుగులు దగ్గరయ్యేకొద్దీ బద్ద కదలిక తగ్గింది. వాడు నా పక్కన నిలబడేసరికి, ఊపిరి బిగబట్టినట్టు ఆగిపోయింది.

"చూశావా బావా, చదునే," అన్నాడు, కిందికి చూడకుండా.