తేనె దొంగ

నారిన్ అనే కొండ పట్టణంలో జూరా పొద్దున్నే, చుట్టాల కోసం దాచిన కొండతేనె సీసా తీసి చూస్తే సగమే ఉంది. టీ పోస్తున్న కొత్త కోడలి మీద విరుచుకుపడింది.

“ఏమే నుర్జాత్, రాత్రిళ్లు వంటింట్లో ఆ చప్పుడు నీదేనా? అడిగితే పెట్టనా?”

“నేను తినలేదత్తయ్యా.”

“మరి దయ్యం తిందా?”

“మీరే తిన్నారు. రాత్రి మీకు షుగర్ పడిపోయింది. చెమటలు పట్టి వణికిపోతుంటే లేపి, కూర్చోబెట్టి తినిపించాను. మొన్నా అంతే. మీకు గుర్తుండట్లేదు. ఇవాళ డాక్టరు దగ్గరికెళ్లి రాత్రి ఇన్సులిన్ మోతాదు మార్పించుకుందాం.”

జూరాకు కోడలి వేలికున్న కట్టు అప్పుడు కనబడింది. “అదేమిటే?”

“వేలితో తేనె తినిపిస్తుంటే మీరే కొరికారు. తర్వాత ‘నా తల్లే, నా కూతురే’ అని తల నిమిరారు. అదీ గుర్తులేదా?”

“అదెందుకు గుర్తులేదూ!” అంటూ జూరా కోడల్ని దగ్గరికి లాక్కుని పచ్చి అబద్ధమాడింది.