కంకి వేసిన మడి

ఉప్పలగుప్తంలో రొయ్యల పెట్టెల్లోకి పోవాల్సిన ఐసు, గంగాధరరావు మడిలోకి దిగుతోంది.

"చలి తగలకపోతే ఇది కంకి వెయ్యదటండీ," అని దారిన పోయేవాళ్లందరికీ ఆయన ఓపిగ్గా చెబుతున్నాడు.

గోధుమనీ, రై అనే చలిదేశపు ధాన్యాన్నీ కలిపి పుట్టించిన పంట అది. పేరు ట్రిటికేలీ. పిండి ఆడించుకుని ఇంట్లోనే బ్రెడ్డు కాల్చుకోవచ్చు. కాకపోతే దానికి గడ్డకట్టే చలి కావాలి. కోనసీమలో చలంటే పొద్దున్నే చెవులకి మఫ్లరు చుట్టుకోవడం, అంతే.

విత్తనం పంపింది హరిబాబు. సిమ్లా వైపు పనిచేసే సైంటిస్టు. పోయినేడు ఈ ఊరు పెళ్లికొచ్చి వీళ్లింట్లో దిగి, ఈ పంట గురించి గొప్పగా చెప్పాడు. వద్దన్నకొద్దీ వడ్డించి, ఆయన విస్తరి ముందు నుంచి లేవలేకుండా ఉన్న సమయం చూసి గంగాధరరావు అడిగాడు.

"ఆ విత్తనం మాకూ కాస్త పంపండి బాబూ."

హరిబాబు నీళ్లు నమిలాడు. చివరికి "తప్పకుండానండీ" అన్నాడు. అన్నట్టే పంపాడు.

మడి తివాచీ పరిచినట్టు పచ్చగా పెరిగింది. ఒక్క కంకీ లేదు. ఐసు కరిగిపోయి రొయ్యల వాసన మిగిలింది.

అంతలో హరిబాబు పనిమీద రాజమండ్రి వచ్చాడని తెలిసింది. గంగాధరరావు మర్యాదకి భోజనానికి పిలిచాడు. హరిబాబు కాదనలేకపోయాడు.

"కంకి వెయ్యలేదంటే ఆయన ఎంత నొచ్చుకుంటారండీ!" భార్య భవానీదేవి కంగారు పడిపోయింది. "పాపం, అంత దూరం నుంచి పంపేరు."

ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చడం ఆ ఇంట ఎన్నడూ జరగలేదు. అమలాపురంలో పెళ్లిపందిళ్లు అలంకరించేవాళ్ల దగ్గర ఎండు గోధుమ కంకులు దొరికాయి. ఇంటిల్లిపాదీ కూర్చుని వాటిని కొబ్బరీనెలకి కట్టి మడినిండా గుచ్చారు. బేకరీ బ్రెడ్డు తెచ్చి, ఇంట్లో చేసినట్టు కనబడాలని పెనం మీద కాస్త మాడ్చారు.

హరిబాబు వచ్చి గట్టుమీద నిలబడ్డాడు. మడినిండా కంకులు చూశాడు. మొహమంతా చెమటలు.

"ఏవైనా తేడా ఉందాండీ?" గంగాధరరావు కంకులకి అడ్డంగా జరిగాడు.

"అబ్బే! భేషుగ్గా ఉందండీ. అచ్చం ట్రిటికేలీయే."

మడిలోకి మాత్రం దిగలేదు.

భోజనాల దగ్గర బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకోగానే ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి.

"చూసేరా, ఎంత సంతోషమో!" అంటూ భవానీదేవి ఇంకో ముక్క వేసింది.

"వచ్చే ఏడు బస్తాడు పంపండి. ఊరంతా వేస్తారు," అన్నాడు గంగాధరరావు, పరువు దక్కిందన్న ఊపులో.

"ఆయ్," అన్నాడు హరిబాబు. ఆయనకీ ఊరి మాట అంటుకుంది.

రావులపాలెంలో బస్సెక్కి కూర్చున్నా హరిబాబు చెమటలు తుడుచుకుంటూనే ఉన్నాడు: ఆ రోజు అంత ప్రేమగా అడిగితే విత్తనం లేదని చెప్పడానికి నోరు రాక తను పంపింది, ఆఫీసు ముందు లాన్‌లో చల్లే గడ్డి గింజలు!