పన్నెండో నిమిషం

కూతురు బిస్కెట్టు కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని, ఫలితాల కోసం నోటీసు బోర్డు ముందు నిలబడ్డ విద్యార్థిలా చూస్తున్నాడు.

"బాగుంది నాన్నా."

"బాగుందంటే?"

"బాగుందనే. అమ్మది కాదు, అంతే."

ఇది ఆరో విడత. రెండు గుండ్రటి బిస్కెట్ల మధ్య జామ్ పూసి అతికించే ఈ జంట బిస్కెట్లని ఆయన భార్య ఏటా సంవత్సరాంతపు సెలవుల్లో డబ్బాలకొద్దీ చేసి బంధువులందరికీ పంచేది. ఆవిడ పోయాక వచ్చిన మొదటి సెలవులివి. ఆవిడ వంటల నోటుపుస్తకాన్ని తన చేత్తో ఐదు ప్రతులు రాసి, దారంతో కుట్టి, ఎల్లుండి అందరూ కలిసినప్పుడు కానుకగా ఇవ్వాలని ఆయన పట్టుదల. ఐదింటిలోనూ అన్ని పేజీలూ నిండాయి, మొదటిది తప్ప. మొదటి పేజీ ఈ బిస్కెట్లది. ఆ రుచి ఎలా వస్తుందో తెలుసుకోకుండా ఆ పేజీ రాయడం ఆయన దృష్టిలో దొంగ తూకం.

తూకం ఆయన వృత్తి. తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా చేశాడు. ఆఫీసులో వెనకాల 'గ్రాముగారు' అనేవారు. కొట్టు గుమ్మంలోంచే కాటా వంక చూసి ఐదు గ్రాముల మోసం పట్టేసిన మనిషి ఒక బిస్కెట్టు చేతిలో ఆరుసార్లు ఓడిపోయాడు. వెన్న రెండు వందల గ్రాములంటే రెండు వందలే. పన్నెండు నిమిషాలంటే పన్నెండే. లెక్క తప్పలేదు, రుచి తప్పింది. ఓడిన విడతలన్నీ వీధిలో పంచేశాడు. ఎదురింటి టైలరు ఇప్పుడు ఈయన డబ్బాతో గేటు తియ్యగానే షాపు లోపలికి వెళ్ళిపోతున్నాడు.

"ఇంతకీ తేడా ఎక్కడుందంటావు?"

"అమ్మవి చివర్లో ఏదో తగిలేవి నాన్నా. కొంచెం చేదులాంటిది. మింగాక తెలిసేది."

"కాఫీ పొడి?"

"మూడో విడతలో వేశావుగా."

"నిమ్మతొక్క?"

"నాలుగో విడత. దాని గురించి ఇంక మాట్లాడుకోవద్దనుకున్నాం."

గ్రాముగారు నోటుపుస్తకం మళ్ళీ చూద్దామని జేబులు తడుముకున్నాడు. "నా కళ్ళజోడెక్కడ?"

"నెత్తి మీద."

పెళ్ళయిన నాటినుంచీ ఈ ప్రశ్నకి జవాబు వంటింట్లోంచే వచ్చేది. ముందు 'వస్తున్నా' అన్న మాట, వెనకే మనిషి.

"మీ అమ్మ నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు," అన్నాడాయన. "మీరు హాల్లో ఉంటేనే ఇవి కుదురుతాయి అనేది. నా కళ్ళుగప్పి ఏదో వేసేదమ్మా. అనుమానం లేదు."

సాయంత్రం మరదలు వచ్చింది. ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి, పాత అలవాటు కొద్దీ విచారణ మొదలుపెట్టాడు.

"మీ అక్క ఇందులో రాయకుండా దాచినదేదో ఉంది. నీకు తెలిసే ఉంటుంది."

"కేసు రాస్తారా ఏమిటి బావగారూ? ఇందులో ఉన్నవే వేసేది. మా ఇంటికొచ్చినప్పుడు నా కళ్ళముందే ఎన్నిసార్లు చెయ్యలేదు?" మరదలు ఒకటి కొరికింది. "అప్పుడు అక్కవీ అచ్చం ఇలాగే వచ్చేవి, తెల్లగా."

"మరి ఇక్కడ చేసినవి?"

"ఇక్కడివి వేరు. ఇక్కడివే బాగుండేవి."

గ్రాముగారు ఓవెన్ని దొంగ కాటాని చూసినట్టు చూశాడు. కానీ ఆ అనుమానం ఆయనకి రెండో విడతలోనే వచ్చింది. థర్మామీటరు పెట్టి వేడి కొలిచాడు, డిగ్రీ తేడా లేదు. దానికి ప్రభుత్వ ముద్ర వేయడం ఒక్కటే తక్కువ.

ఏడో విడత పిండి మరదలు కలిపింది. "మీరు వెళ్ళి హాల్లో కూర్చోండి. అలా పక్కన నిలబడి చూస్తుంటే పిండి కూడా జడుసుకుంటోంది."

ఆయన హాల్లో కూర్చుని, మిగిలిన ఐదో పుస్తకం కుట్టడం మొదలుపెట్టాడు.

"కత్తెర ఏదమ్మా?"

కూతురు వచ్చి, ఆయన తొడ కిందనుంచి తీసి ఇచ్చింది.

"కళ్ళజోడు?"

ఈసారి నెత్తి మీద లేదు. కూతురు అలమారా వెతికింది. ఆయన తన జేబులే మూడోసారి వెతుక్కున్నాడు. "ఒసేయ్, మీ పిన్నిని కూడా పిలువు," అన్నాడు. మరదలు వచ్చేసరికి వంటింట్లో ఓవెన్ గంట మోగింది.

"మోగితే మోగనీ. ముందు ఈయన సంగతి చూద్దాం," అంటూ ఆవిడ సోఫా కింద చెయ్యి పెట్టింది.

కళ్ళజోడు చివరికి ఆయన కుడుతున్న పుస్తకంలోనే దొరికింది, పేజీల మధ్య. మరో రెండు కుట్లు పడితే శాశ్వతంగా అందులోనే ఉండిపోయేది. ముగ్గురూ నవ్వుకుంటూ ఉండగా వాసన వచ్చింది.

ట్రేలో బిస్కెట్ల అంచులు ఎరుపు దాటి నలుపుకి దగ్గర పడ్డాయి.

"నా మూలంగానే," అన్నాడు గ్రాముగారు. "పారేద్దాం. టైలరైనా సంతోషిస్తాడు."

కూతురు అప్పటికే ఒకటి తీసి, ఊదుకుంటూ కొరికింది. నమలడం ఆపింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాన్నా, ఇవే."

మరదలు కూడా ఒకటి కొరికింది. వెంటనే రెండోది తీసుకుంది.

గ్రాముగారు గడియారం చూశాడు. "నాలుగు నిమిషాలు ఎక్కువైంది."

"అయితే పదహారని రాసెయ్యండి బావగారూ. మీ కేసు తేలిపోయిందిగా."

ఆయన మొదటి ప్రతి తెరిచి, వెన్న, పిండి, పంచదార వరసగా దించుకుంటూ వచ్చి నిమిషాల దగ్గర ఆగాడు. నోటుపుస్తకంలో భార్య దస్తూరీలో పన్నెండని శుభ్రంగా ఉంది, కింద రెండు గీతలతో సహా. పన్నెండని అంత బాగా తెలిసిన మనిషి ఈ ఇంట్లో మాత్రం ఎప్పుడూ పదహారుకి ఎందుకు తీసినట్టు?

కళ్ళజోడు తీసి దాని వంక చూశాడు. తర్వాత దాన్ని మళ్ళీ పెట్టుకుని, పన్నెండనే రాసి, దాని కింద ఐదు పుస్తకాల్లోనూ తన మాటగా ఒక్క వాక్యం చేర్చాడు.

'ఆ నిమిషంలో హాల్లోంచి ఎవరైనా పిలిస్తే, వెళ్ళండి.'