ఏ వరసకి బావ?

“టికెట్ లేకపోతే లోపలికి పంపనండి. ఎన్నిసార్లు చెప్పమంటారు?”

పోర్టు స్టేడియం గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు దేవీప్రసాద్ చెయ్యి అడ్డం పెట్టాడు. మణికంఠ ఆ చేతికేసి, దాని వెనక వెలిగిపోతున్న స్టేజీకేసి దిగాలుగా చూశాడు.

లోపల ‘ఏటంటావ్’ బ్యాండు. విశాఖ కుర్రాళ్ళు, విశాఖ మాట. టికెట్లు అమ్మకానికి పెట్టారన్న కబురు అందేలోపే అయిపోయాయి. ఫోను నొక్కీ నొక్కీ మణికంఠ వేలు అరిగింది తప్ప ఒక్క సీటూ దొరకలేదు.

అలాగని ఊరుకోగలడా? హైదరాబాదులో ఉద్యోగానికి చేరిన కొత్తలో అతను ‘నాను’ అన్నప్పుడల్లా పక్క సీట్లవాళ్ళు పకపకా నవ్వేవారు. గదిలో తలుపేసుకుని ‘నేను, నేను’ అని వల్లె వేసుకున్న మనిషి అతను. అలాంటిది, ఈ బ్యాండు సింగరు నాగవంశీ ఏకంగా ‘నాను’ అనే పాట కట్టి వదిలాడు. ఊరూవాడా పాడుకున్నాయి. నవ్విన నోళ్ళే వచ్చి, ‘ఏదీ, ఒకసారి మీ యాసలో అనవా’ అని బతిమాలాయి. ఆ రోజు మణికంఠ గర్వానికి పట్టపగ్గాల్లేవు. ఆ పాటని సొంతూళ్ళో, మనవాళ్ళ మధ్య నిలబడి వినాలి. అందుకే సెలవు పెట్టి, పెందుర్తిలో ఇంటి గుమ్మమైనా తొక్కకుండా స్టేషన్ నుంచి తిన్నగా ఇక్కడికొచ్చాడు.

“ఒదిలీ బావా! లోపల పాడతన్నది మా బావే కదేటి!” అన్నాడు ఇక చేసేది లేక.

మాటవరసకి అన్నదే. ఈ ఊళ్ళో ఆటోవాడూ బావే, టీకొట్టువాడూ బావే. కానీ దేవీప్రసాద్ రాజమండ్రి నుంచి ఈమధ్యే వచ్చాడు. బావంటే బావే అనుకునే మనిషి.

“ఏవండీ, సింగరుగారు మీకు బావగారా?” అతని గొంతు మెత్తబడింది.

కాదని చెప్పడానికి మణికంఠకి నోరు రాలేదు.

“మరేటనుకున్నావ్!”

“అంటే, మీ అక్కగారిని చేసుకున్నారాండి?”

నాగవంశీకి పెళ్ళి కాలేదని అభిమానులందరికీ తెలుసు. ఈయనకీ తెలిస్తే కొంప మునుగుతుంది.

“కాదు కాదు. ఆళ్ళ అక్కని నాను సేసుకున్నాను.”

దేవీప్రసాద్ కనుబొమలు ముడిపడ్డాయి. “అప్పుడు మీరు ఆయనకి బావ అవుతారండి. ఆయన మీకు బావమరిది. బావంటారేంటండి?”

మణికంఠ మెల్లిగా ఒకడుగు వెనక్కి వేశాడు.

“మా కాడ బామ్మర్దినీ బావే అంటారు బాబూ.”

వెనక నుంచి ఆడగొంతు. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఆకుపచ్చ చీర కట్టుకుంది. మణికంఠ వచ్చేసరికే గేటు పక్కన పడిగాపులు కాస్తోంది. ‘నీకూ టికెట్ లేదేటి? నానూ అంతే. రాకూడదనుకున్నాను, ఉండబట్టలేక వచ్చీసినాను’ అని ఇందాక పలకరించింది కూడా.

“నా పేరు సీతాలు. ఆడి అక్కని. ఈయన నా పెనిమిటి,” అంది తొణక్కుండా.

మణికంఠ తెల్లబోయాడు. అతని అబద్ధం పక్కన చక్కగా సర్దుకుని కూర్చుందీవిడ!

“ఇందాక ఒంటరిగా వచ్చి కూడా అక్కనే అన్నారు కదండీ,” అన్నాడు దేవీప్రసాద్. “సాయంత్రం నుంచీ ఎంతమంది అక్కల్ని వెనక్కి పంపానో తెలుసాండీ?”

ఓహో, ఈ ఎత్తు ఆవిడ ముందే వేసి దెబ్బతిందన్నమాట అనుకున్నాడు మణికంఠ.

“ఒక్కదాన్నే సెప్తే నువ్వు నమ్మలేదు కదేటి బాబూ. ఆడేమో టేజీ ఎక్కీసినాడు, ఫోనెత్తడు. అందుకే ఈయనొచ్చీదాకా ఆగినాను.”

దేవీప్రసాద్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “సరేనండి. ఆయన్ని ఇంట్లో ఏమని పిలుస్తారు?”

“గుంటడు!”

ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు. మణికంఠ ఆ ముద్దుపేరు ఏదో ఇంటర్వ్యూలో విన్నాడు. ఈవిడా చూసే ఉంటుంది.

అంతే, దేవీప్రసాద్ నీరుగారిపోయాడు. “అయ్యయ్యో, ఇంటిమనుషుల్ని గేట్లో నిలబెట్టేశానండి! రండి బావగారూ, రండమ్మా!” అంటూ తనే దగ్గరుండి ముందు వరసలోకి తీసుకెళ్ళాడు. కుర్చీలు చూపించి, స్టేజీ మీదకి కబురు చెప్పడానికి పరుగెత్తాడు.

“అక్కా, నీ ముందర నానెంత! భలే ఆడీసినావ్,” అన్నాడు మణికంఠ గుసగుసగా.

“నువ్వు మాత్రం తక్కువేటి?” అని నవ్విందావిడ.

గిటారు మోగింది. నాగవంశీ ‘నాను’ అన్నాడు. స్టేడియం మొత్తం లేచి ‘నాను’ అంది. మణికంఠ గొంతు చించుకుని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. పక్కనున్న ముసలాయన అన్నాడు, గేటు దగ్గర పోలీసులూ అన్నారు. ఇది నా మాట, ఇది నా ఊరు అని మణికంఠకి ఒళ్ళంతా పులకరించింది. సిగ్గుపడి దాచుకున్న రోజులన్నీ ఆ హోరులో కొట్టుకుపోయాయి. పక్కకి చూస్తే సీతాలు కళ్ళు ధారగా కారుతున్నాయి.

“మనోడే!” అంది అతని భుజం తట్టి.

“మనోడే!” అన్నాడు మణికంఠ, ఆ పాట తనే కట్టినంత గర్వంగా.

పాట అయింది. స్టేజీ మీద ఎవరో నాగవంశీ చెవిలో ఏదో చెప్పారు. అతను గబగబా అంచుదాకా వచ్చి, లైట్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు వరసలోకి వంగి చూశాడు. తననే చూస్తున్నాడని మణికంఠ సంబరంగా చెయ్యి ఊపాడు.

నాగవంశీ మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“అక్కా, ఈ బావెవుడే?”