రుజువు కోసం మోగే హారన్

ఇప్పుడు బస్సులకు చప్పుడు లేదు. వీధిలో శబ్దం చేయడం నేరం కాబట్టి హారన్ కూడా బయటికి మోగదు. దారికి అడ్డంగా ఉన్న మనిషి చెవిలో పెట్టుకున్న చిన్న యంత్రం, చెవిబిళ్లలో మాత్రమే మోగుతుంది.

వీధులు ఊడ్చే పైడితల్లిని సోమవారం పొద్దున బస్సు గుద్దింది. కాలు విరిగింది. సూపర్‌వైజర్ చక్రధర్ ఆస్పత్రికి వచ్చాడు.

"హారన్ కొట్టారు పైడితల్లీ. నీ చెవిబిళ్లలో రికార్డయింది. తప్పు నీదనే రాయాలి."

అలా రాస్తే ఉద్యోగం పోతుంది.

"మోగింది బాబూ. నాను పడిపోనాక, నూకాలు నా తల ఒళ్లో ఎట్టుకున్నాక మోగింది."

ఆమెతో కలిసి ఊడ్చే నూకాలు మంచం పక్కనే ఉంది. "ఈ బిళ్లల మెమరీ పెంచినామని లడ్డూలు పంచినారు కదా, అప్పట్నుంచీ ఇంతే. బండి ఎల్లిపోనాక హారనొస్తంది."

ప్రతి శబ్దాన్నీ ముందు సాక్ష్యంగా దాచాకే వినిపించాలని, మెమరీ పెద్దదయ్యేకొద్దీ అందులో చోటు వెతకడానికి ఎక్కువ సమయం పడుతుందని చక్రధర్ చెప్పాడు.

"ముందు ఇనిపించి, తరవాత దాసుకోవచ్చు కదేటి?" అంది పైడితల్లి.

"దాచకుండా వినిపిస్తే, వినిపించామని రుజువేది?"

"రుజువు మీకూ, కాలు మాదీనా?" అంది నూకాలు.

వారం తిరక్కుండా ఆదేశాలు వచ్చాయి. పైడితల్లిని తొలగించారు. ఆలస్యాన్ని కూడా నమోదు చేయడానికి చెవిబిళ్లల మెమరీని రెట్టింపు చేశారు.

మర్నాడు కొత్త మనిషి ఊడుస్తుంటే, నూకాలు బస్సులు వచ్చే వైపు తిరిగి నిలబడింది. బస్సు కనిపించినప్పుడల్లా చెత్తడబ్బా మీద చీపురుకట్టతో బాదింది.

వీధిలో శబ్దం చేసినందుకు ఆమె మీద కేసు పెట్టారు. ఆ నోటీసు మాత్రం ఆమె చెవిలో వెంటనే వినిపించింది.