పైనుంచి ఆర్డరు

“నీళ్లు యాడన్నా?”

ప్రసన్నకుమారి ఖాళీ బిందె తెచ్చి జయకుమార్ మాస్టారి గడపలో ఠంగున పెట్టింది. పొద్దున ఏడు కావస్తోంది. వీధి కొళాయిల కింద బిందెలు వరుస కట్టాయి గానీ ఒక్కదాంట్లోనూ చుక్క పడలేదు.

“నా కూతురికి కాన్పై తొమ్మిది దినాలు. పసిబిడ్డకు నీళ్లు పోయల్ల. రాత్రి గుడ్డలన్నీ బకెట్లో అట్నే ఉండాయి. డ్రమ్ము అడుగంటింది. ఈ పొద్దు నాలుగో దినం గదా? గ్రూపులో ఏం పెట్టలేదేం నువ్వు?”

మాస్టారు బనీను మీదే నిలబడి తల గోక్కున్నాడు. రిటైరయ్యాక ఆయన పెట్టిన ‘మన వార్డు కబుర్లు’ వాట్సాప్ గ్రూపులో నాలుగు వందల మంది ఉన్నారు. ఇంటిపన్ను గడువైనా, కరెంటు కోతైనా, చెత్త బండి రాకపోయినా మాస్టారు పెడితేనే వార్డుకు తెలిసేది. మున్సిపాలిటీలో నీళ్లు చూసే ఇంజనీరు, ఏఈ కూడా అందులో ఉన్నాడు గానీ, ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

“పోయిన తూరి ఎంత బాగా పెట్టినావో చూడు.” ప్రసన్నకుమారి తన ఫోను ఆయన ముక్కు దగ్గర పెట్టింది. గులాబీ పువ్వు బొమ్మ. దాని కింద మాస్టారి రాత: ‘రేపు ఉదయం సరిగ్గా ఆరు గంటలకు నీళ్లు వచ్చును. డ్రమ్ములు కడిగి పెట్టుకోగలరు. దేవునికి స్తోత్రం.’

మాస్టారు ఆ ఫోనును మెల్లగా పక్కకు జరిపాడు.

“అది అబద్ధం ప్రసన్నమ్మా.”

“ఏది?”

“అదే. ఆర్నెల్ల నుంచి పెట్టినవన్నీ అబద్ధాలే. ఆఫీసులో ఫోనెత్తే నాథుడు లేడు. పోయి అడిగితే, ఆ సార్ లీవు, ఈ సార్ మీటింగు అంటారు. నాలుగు దినాలకొకసారి గదా అని క్యాలెండర్ మీద లెక్కేసుకొని, నా అంతట నేనే ఆరు గంటలని పెడతాంటి.”

“అబద్ధమైతే ఆరింటికి నీళ్లెట్ల వస్తాండె? ఒక్క తూరి కూడా తప్పలేదే!”

“అదే నాకూ అర్థం కాలేదు. మొన్న ఆదివారం ప్రార్థనలో కూర్చుంటే మనసు పొడిచింది. ఇంతమందిని ఎన్నాళ్లని మోసం చేసేదని, ఇంక పెట్టకూడదని తీర్మానం చేసుకున్యా.”

ప్రసన్నకుమారికి ఒళ్లు మండింది. “నిజాయితీగా ఉండేదానికి నీకు ఈ వారమే దొరికిందా అన్నా?”

పక్కింట్లోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఈ పొద్దు తాను చేసిన తప్పేమిటో తెలియకపోయినా మాస్టారికి చాలా సిగ్గేసింది. చొక్కా తగిలించుకుని, గుండీలు దారిలో పెట్టుకుంటూ నీళ్ల ట్యాంకు వైపు నడిచాడు. బిందె చంకనెత్తుకుని ప్రసన్నకుమారి వెనకే నడిచింది.

జేబులో ఫోను ఊరుకోవడం లేదు. ‘సార్ నీళ్లు?’, ‘మాస్టారూ ఎన్ని గంటలకు?’, ‘ఏమైంది సార్?’ టీ బంకు హనుమేష్ అయితే రోడ్డుకే అడ్డం వచ్చాడు. “ఏదో ఒకటి చెప్పు సార్, టీకి కూడా నీళ్లు ల్యావు!” మాస్టారి మనసు ఆగలేదు. నడుస్తూనే ‘ఇంకొక అర్ధగంటలో’ అని కొట్టాడు. పంపబోతూ ఆదివారం గుర్తొచ్చి, ఒక్కో అక్షరం చెరిపేశాడు.

ట్యాంకు నిండి పైనుంచి పొర్లుతోంది. గోడ పొడవునా కారి, కింద కంపచెట్ల మొదట్లో మడుగు కట్టింది. అంత నీరు మట్టిపాలవుతుంటే చూసి ప్రసన్నకుమారికి ఏడుపొచ్చింది. వాల్వు తిప్పే కంబన్న ఇనుప కడ్డీ చేతపట్టుకుని గేటు నుంచి గోడకు, గోడ నుంచి గేటుకు తిరుగుతున్నాడు.

“ఏమప్పా కంబన్నా, ఇన్ని నీళ్లు పెట్టుకొని వదలవేం?”

“నాకూ కాళ్లు నిలవడంలే సార్. ఐదింటి నుంచి ఈడే తిరుగుతాండా. పైనుంచి ఆర్డరు రాలేదు.”

“పసిబిడ్డ ఉండాది నాయనా,” అంది ప్రసన్నకుమారి. “నీకు పుణ్యముంటాది, రోంత తిప్పు.”

“తిప్పితే నా పని పోతాది తల్లీ. ఆర్డరు లేకుండా తిప్పినందుకే గదా నాకు ముందుండిన నాగన్నను తీసేసింది!”

మాస్టారికి కోపం నషాళానికెక్కింది. “ఆర్నెల్లు ఆఫీసు చుట్టూ తిరిగితే నాకు ఒక్కడూ చెప్పలేదు, నీకు ఎవరు చెప్తారప్పా ఆర్డరు?”

“ఏఈ సార్. ముందు దినం సాయంత్రమే నా ఫోనుకు పంపిస్తాడు. ఆ సార్‌ను ఏమీ అనద్దు సార్, ఆర్నెల్లలో ఒక్క తూరి కూడా మర్చిపోలేదు. నిన్న ఏమైందో ఏమో, పంపలేదు. పాపం, ఒంట్లో బాగుండాదో లేదో.”

“ఏదీ, పోయిన తూరి ఆర్డరు చదువు. దాన్ని పట్టుకొని పోయి ఆఫీసులో కూర్చుంటా. ఈ పొద్దు అటో ఇటో తేలిపోవల్ల.”

కంబన్న తడి చేతులు లుంగీకి తుడుచుకుని, ఫోను దూరంగా పట్టుకుని, సర్కారు కాగితమంటే ఉండాల్సిన భయభక్తులతో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు.

“‘రేపు ఉదయం సరిగ్గా ఆరు గంటలకు నీళ్లు వచ్చును. డ్రమ్ములు కడిగి పెట్టుకోగలరు. దేవునికి స్తోత్రం.’”