పదకొండు ప్రశ్నల పాము

"అంకుల్, పాము ఎక్కడుంది?"

న్యూజిలాండ్‌లో, టకానినిలోని తన ఇంటి తలుపు తీసిన మధుసూదన్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. అడిగిన అమ్మాయి యూనిఫాంలో ఉంది. జేబు మీద బయోసెక్యూరిటీ అనీ, దాని కింద శ్రీజ అనీ రాసి ఉంది. అతనికి నలభై ఒకటే. అంకుల్ అన్నందుకు నొచ్చుకోవాలో, పామును వెతుక్కుంటూ వచ్చినందుకు సంతోషించాలో ఒక్క క్షణం తేలలేదు. సంతోషించాడు.

"గరాజ్‌లో ఉందమ్మా. దర్శనానికా? నిన్న హాల్లో నాగుల చవితికి రావాల్సింది. నలభై కుటుంబాలు వచ్చి పాలు పోశాయి."

"దర్శనానికి కాదు అంకుల్. మీ రివ్యూ చూసి వచ్చాను."

ఫోన్ చూపించింది. బంతిపూల మధ్య నల్లటి వీపు. కింద మధుసూదన్ పేరు, ఐదు నక్షత్రాలు, తెలుగులో నాలుగు ముక్కలు. ‘పూజకి పాము కొన్నాను. అమ్మినాయన నమ్మకస్తుడు. కళ్లు మూసుకుని కొనవచ్చు.’

"న్యూజిలాండ్‌లో పాముని ఉంచుకోవడం నేరం. జైలు కూడా పడొచ్చు. తెలీదా?"

"ఇక్కడ పాములు ఉండవని తెలుసు. అందుకే కదమ్మా, కష్టపడి వెతికింది."

లోపలి నుంచి అతని భార్య స్పందన పరుగున వచ్చింది. "జైలా? ఏవండీ, మన రెసిడెన్సీ ఫైలు ఇమ్మిగ్రేషన్ వాళ్ల దగ్గరుంది! నాలుగేళ్లు ఎదురుచూశాం!"

మధుసూదన్ అలవాటు కొద్దీ పాము కొన్నప్పటి ఫైలు తెచ్చి శ్రీజ చేతిలో పెట్టాడు. ఏ సప్లయర్‌ని నమ్మవచ్చో తేల్చడమే కంపెనీలో అతని ఉద్యోగం. తెలిసినవాళ్లు సోఫా కొనాలన్నా, పాత కారు కొనాలన్నా ముందు అతనికే ఫోన్ చేస్తారు.

"అంతా పద్ధతి ప్రకారమే చేశానమ్మా. మూడు పెట్ షాపులకి ఫోన్ చేశాను. పాము అనగానే ముగ్గురూ పెట్టేశారు. జవాబు చెప్పని షాపుని నమ్మకూడదని కొట్టేశాను. ఈ గ్రాహం ఒక్కడే మిగిలాడు. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి, ప్రాణంతో ఉంది, మూడడుగులు అని రాశాడంతే. తక్కువ రాసేవాడు అబద్ధం ఆడడు కదా. అయినా పదకొండు ప్రశ్నలు పంపాను."

శ్రీజ చదివింది. ఐటమ్ ఏం తింటుంది? కీమా. ఐటమ్ కరుస్తుందా? నోట్లో వేలు పెడితే కరుస్తుంది. నలభై కుటుంబాల పండక్కి ఐటమ్ పనికొస్తుందా? బ్రహ్మాండంగా. ఐటమ్‌ని ఎవరైనా తనిఖీ చేశారా? ఇన్‌స్పెక్టర్ చూశాడు. లైసెన్సు ఉందా? కాపీ పంపుతున్నాను.

"ఐటమ్ ఏంటి అంకుల్?"

"మా డిపార్ట్‌మెంట్‌లో అలాగే రాస్తాం."

"అమ్మేవాడి గురించి ఇన్ని అడిగారు. కొనడం తప్పా కాదా అని ఎవర్నీ అడగలేదా?"

"అది సప్లయర్ని అడిగే ప్రశ్న కాదు," అన్నాడు మధుసూదన్. అంటున్నప్పుడే ఆ మాట తనకే బాగాలేదనిపించింది.

"మా ఆయన టొమాటోలు కూడా నొక్కి చూసి కొంటాడమ్మా," అంది స్పందన. "నన్ను తప్ప అన్నిటినీ పరీక్ష పెట్టే కొన్నాడు. ఇప్పుడేమో ఇది."

ముగ్గురూ గరాజ్‌లోకి వెళ్లారు. అద్దాల నీళ్ల తొట్టి అడుగున అది చుట్ట చుట్టుకుని ఉంది. అద్దానికి కుంకుమ బొట్టు ఉంది. శ్రీజ మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేసింది.

మధుసూదన్ చేతులు జోడించాడు. నలభై ఒక్క ఏళ్లలో ఎన్నడూ కోరని కోరిక కోరుకున్నాడు. ‘నాగేంద్రా, నిన్న నీకు పోసిన పాలే నిజమైతే, అమ్మినవాడు నన్ను మోసం చేసి ఉండాలి.’

శ్రీజ చాలాసేపు చూసింది. తర్వాత టార్చి ఆర్పేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"అంకుల్, దీనికి మొప్పలున్నాయి. తల పక్కన రెక్కలున్నాయి. ఇది చేప. ఈల్ అంటారు. మా అమ్మ మలుగు అంటుంది. ఇక్కడ ఏ వాగులో చూసినా ఉంటాయి."

"పాము కాదా?"

"కాదు."

"రాసిస్తావా?"

"రాసిస్తాను."

స్పందన గరాజ్ మెట్టు మీద కూలబడి కళ్లు తుడుచుకుంది. మధుసూదన్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. జైలు పోయింది, రెసిడెన్సీ దక్కింది. ఆ రెండూ ఖాయమయ్యాక కోపం వచ్చింది. ఆ గ్రాహం నలభై కుటుంబాల చేత చేపకి దండం పెట్టించాడు.

"దొంగ వెధవ! నన్నా మోసం చేసింది?"

"వదిలేయండి అంకుల్."

"వదలను. సప్లయర్ల విషయంలో నన్ను ఇంతవరకూ ఎవడూ మోసం చేయలేదు."

అక్కడే ఫోన్ కలిపి, సాక్ష్యం ఉంటుందని స్పీకర్ పెట్టాడు.

"ఓ, పదకొండు ప్రశ్నలాయనా! చెప్పండి మేట్," అన్నాడు గ్రాహం.

"పాము అని చెప్పి చేప అంటగడతావా?"

"పామా? నేనెప్పుడన్నాను? మీరూ అనలేదే. మీ మెసేజ్‌ల నిండా ఐటమ్ అనే ఉంది. అడిగిన పదకొండింటికీ నిజమే చెప్పాను. లైసెన్సు కూడా పంపాను కదా, చదవలేదా?"

శ్రీజ ఫైలు తిప్పింది. లైసెన్సు మీద తేదీ పక్కన మధుసూదన్ పెట్టిన టిక్కు ఉంది. సంతకం పక్కన టిక్కు ఉంది. ముద్ర పక్కన టిక్కు ఉంది. ‘ఈల్ చేపల అమ్మకం’ అన్న ముక్క పక్కన ఏమీ లేదు.

మధుసూదన్ ఫైలు లాక్కుని ఆ ముక్క చదివాడు. ఈలోగా గ్రాహమే అందుకున్నాడు.

"నలభై కుటుంబాలకి ఒక్కటి చాలుతుందా అని అప్పుడే అనుకున్నాను. ఇంతకీ కూర ఎలా కుదిరింది?"